ఓడ అడుగున కావలి

మానవుడు నీటిపై ప్రయాణించడం నేర్చిన నాటినుండి అతని ముందున్న ప్రధాన సమస్య ఒక్కటే. అది నీటిని పడవకు వెలుపలనే నిలపడం. తెడ్డుతోను, తెరచాపతోను పడవలు నడిచిన కాలంలో ఈ సమస్య అంత జటిలంగా ఉండేది కాదు. తెడ్డు పడవ అంచు మీదుగా నీటిని తాకుతుంది. తెరచాప గాలిలో ఉంటుంది. కాబట్టి పడవ అడుగుభాగానికి రంధ్రం చేయవలసిన అవసరం లేదు. పలకల నడుమ సందులను నారతోను, గుగ్గిలంతోను పూడిస్తే సరిపోయేది. ఆవిరియంత్రం వచ్చిన తొలిరోజులలో ఓడల పక్కల పెద్ద తెడ్డు చక్రాలను అమర్చారు. ఆ చక్రాల ఇరుసు కూడా నీటిమట్టానికి పైననే ఉండేది.

ప్రొపెల్లరు రాకతో ఈ పరిస్థితి మారిపోయింది. 1836లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్, జాన్ ఎరిక్సన్ అనే ఇద్దరు వేరువేరుగా ప్రొపెల్లరుకు పేటెంట్లు పొందారు. 1845లో బ్రిటిష్ నౌకాదళం ప్రొపెల్లరు గల ‘రాట్లర్’ నౌకను, తెడ్డు చక్రాలు గల ‘అలెక్టో’ నౌకను వెనుక భాగాలు కలిపి కట్టి, ఒకదానికొకటి ఎదురుగా లాగించింది. రాట్లర్ తన ప్రత్యర్థిని వెనక్కు ఈడ్చుకొని పోయింది. ప్రొపెల్లరు ఆధిక్యం లోకానికి తేటతెల్లమైంది. అయితే ఈ ఆధిక్యానికి ఒక మూల్యం చెల్లించవలసి వచ్చింది. ప్రొపెల్లరు నీటిలో ఉంటుంది. దానిని తిప్పే యంత్రం ఓడ లోపల ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే ఇనుప దండమే షాఫ్టు. అది ఓడ గోడను చీల్చుకొని వెలుపలికి పోవాలి. అంటే ఓడకు నీటిమట్టం కింద ఒక రంధ్రం చేయాలి. ఆ రంధ్రంలో ఒక దండం నిరంతరం తిరుగుతూ ఉండాలి. అయినా నీరు లోపలికి రాకూడదు.

కదలని వస్తువుల నడుమ సందును మూయడం సులభం. తిరిగే దండం చుట్టూ ఉన్న సందును మూయడం కష్టం. గట్టిగా బిగిస్తే దండం తిరగదు. వదులు చేస్తే నీరు ఆగదు. ఈ రెండింటి నడుమ సమతుల్యం సాధించే చిన్న సాధనానికే షాఫ్టు సీలు అని పేరు. మరపడవలపై పనిచేసేవారు దీనిని సాధారణంగా ‘గ్లాండు’ అంటారు.

తొలితరం ఓడలలో షాఫ్టును మోసే లోహపు బేరింగులు త్వరగా అరిగిపోయేవి. అవి అరిగితే షాఫ్టు కుంగి, సీలు చెడి, నీరు ధారగా వచ్చేది. 1855లో రాయల్ ఆల్బర్ట్ అనే బ్రిటిష్ యుద్ధనౌక షాఫ్టు వద్ద నీటి కారుడును ఆపలేక, గ్రీసు దేశపు ఒక ద్వీపం వద్ద మెరక ఎక్కవలసి వచ్చింది. శత్రువుల ఫిరంగులు చేయలేని పనిని షాఫ్టు చుట్టూ ఉన్న కొద్దిపాటి సందు చేసింది. ఆ దశాబ్దంలోనే జాన్ పెన్ అనే ఇంజనీరు లోహానికి బదులు లిగ్నమ్ వైటే అనే కలపను బేరింగుగా వాడి ఈ సమస్యకు పరిష్కారం చూపాడు. ఈ కలప నీటిలో మునిగేటంత బరువైనది. దానిలోని సహజమైన జిగురు కందెనగా పనిచేస్తుంది. సముద్రపు నీరే దానిని చల్లబరుస్తుంది.

గ్లాండు నిర్మాణం

పడవ ముందు భాగాన్ని తెలుగులో అణియం అని, వెనుక భాగాన్ని అమరం అని అంటారు. అమరం అడుగున ఒక గొట్టం ఉంటుంది. షాఫ్టు ఆ గొట్టం గుండా వెలుపలికి పోతుంది. గొట్టానికి పడవ లోపలివైపు చివర ఒక చిన్న లోహపు పెట్టె వంటి భాగం ఉంటుంది. షాఫ్టుకు, ఆ పెట్టె గోడకు నడుమ ఉన్న ఖాళీలో మెత్తని, నలుపలకల తాడును వలయాలుగా కోసి పేరుస్తారు. దీనిని ప్యాకింగు తాడు అంటారు. పూర్వం అవిసె నారను పశువుల కొవ్వులో నానబెట్టి ఈ తాడును తయారుచేసేవారు. నేడు టెఫ్లాన్ వంటి జారుడు గుణం గల కృత్రిమ పదార్థాలతో కూడిన తాళ్ళు కూడా లభిస్తున్నాయి. ఈ వలయాలను వెనుకనుండి అదిమి ఉంచడానికి ఒక లోహపు బిళ్ళ, దానికి ఇరువైపులా రెండు నట్లు ఉంటాయి. నట్లను బిగిస్తే బిళ్ళ వలయాలను నొక్కుతుంది. నొక్కుడుకు వలయాలు ఉబ్బి షాఫ్టును హత్తుకుంటాయి. నీటి దారి మూసుకుపోతుంది.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గుర్తించాలి. ఈ రకపు గ్లాండు నీటిని పూర్తిగా ఆపడానికి ఉద్దేశించినది కాదు. షాఫ్టు తిరుగుతున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కల నీరు లోపలికి రావాలి. ఆ నీరే తాడును తడిపి, రాపిడివల్ల పుట్టే వేడిని తీసుకుపోతుంది. ఒక్క చుక్క కూడా రాకూడదని నట్లను బిగించినవాడు మేలు చేశానని అనుకుంటాడు. కాని తాడు ఎండి, వేడెక్కి, మాడి గట్టిపడుతుంది. గట్టిపడిన తాడు షాఫ్టును గీరి గాడి చేస్తుంది. గాడి పడిన షాఫ్టు చుట్టూ ఎంత మంచి తాడు చుట్టినా నీరు ఆగదు. ఆరోగ్యవంతుని నాడిలాగా, గ్లాండు నుండి కొలతగా రాలే చుక్క దాని క్షేమాన్ని తెలుపుతుంది.

చుక్కకూ ధారకూ గల తేడా

ఒక చిన్న లెక్క వల్ల దీని ప్రాముఖ్యం బోధపడుతుంది. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుందాం. నిమిషానికి 4 చుక్కల చొప్పున నీరు రాలితే, షాఫ్టు 24 గంటలు తిరిగినా పడవలో చేరేది 300 మిల్లీలీటర్ల కంటే తక్కువ. అది ఒక పెద్ద గ్లాసెడు నీరు మాత్రమే.

ఇప్పుడు ప్యాకింగు తాడు పూర్తిగా పోయిందని ఊహిద్దాం. షాఫ్టు వ్యాసం 50 మిల్లీమీటర్లు, దాని చుట్టూ సందు ఒకటిన్నర మిల్లీమీటర్లు, నీటిమట్టం నుండి లోతు ఒక మీటరు అనుకుందాం. భౌతికశాస్త్రంలోని టారిసెల్లీ సూత్రం ప్రకారం ఆ లోతున నీరు సెకనుకు సుమారు 4.4 మీటర్ల వేగంతో చొచ్చుకొని వస్తుంది. సందులో ధార కుంచించుకుపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే నిమిషానికి దాదాపు 39 లీటర్లు, గంటకు 2,300 లీటర్లు పడవలో చేరతాయి. బేరింగు కొంత అడ్డుపడటంవల్ల వాస్తవంలో ఇంతకంటే తగ్గవచ్చు. అయినా రాత్రంతా ఎవరూ చూడకపోతే ఒక చేపల పడవను ముంచడానికి ఇది చాలు. మొదట నీరు ఇంజను అడుగుకు చేరుతుంది. తరువాత బ్యాటరీలను తాకుతుంది. బ్యాటరీ చెడితే విద్యుత్తుతో నడిచే పంపు ఆగిపోతుంది. పంపు ఆగితే నీటికి ఎదురే ఉండదు.

తూర్పు తీరంలో చేపల సంతానోత్పత్తి కోసం ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తున్నారు. విశాఖపట్నం, కాకినాడ వంటి రేవులలో పడవలకు మరమ్మతులు జరిగే కాలం ఇదే. పడవను ఒడ్డుకు ఎక్కించినప్పుడు షాఫ్టును, బేరింగును, గ్లాండును విప్పి చూసే వీలు కలుగుతుంది. మిగిలిన పది నెలలు పడవ నీటిలోనే ఉంటుంది. ఆ కాలంలో గ్లాండు సంగతి చూడవలసినది పడవపై ఉన్న సరంగు, ఇంజను డ్రైవరు, కళాసీలే. తీరానికి దూరంగా, రోజుల తరబడి సాగే వేటలో మెకానిక్కు అందుబాటులో ఉండడు. అందుచేత నీటిపై ఉండగానే గ్లాండును కాపాడుకోవడం వారి ప్రాణరక్షణకు సంబంధించిన విద్య.

నిత్య పరిశీలన

ఈ విద్యలో మొదటి మెట్టు పరిశీలన. ఇంజను నడిపిన ప్రతిసారీ చుక్కలను లెక్కించాలి. షాఫ్టు ఆగినప్పుడు చుక్కలు దాదాపు ఆగిపోవాలి. ఆగిన తరువాత కూడా నీరు ఎడతెగకుండా వస్తుంటే తాడు అరిగిందని భావించాలి. ఇంజను ఆపిన వెంటనే గ్లాండు పెట్టెపై చేయి పెట్టి చూడాలి. అది గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే నట్లు మితిమీరి బిగిశాయని అర్థం. పడవ అడుగున చేరే నీటిని ఎన్ని గంటలకొకసారి తోడవలసి వస్తున్నదో ఒక పుస్తకంలో రాసుకుంటే మార్పు ముందుగానే తెలుస్తుంది. గ్లాండును గొట్టానికి కలిపే రబ్బరు గొట్టం ఉన్న పడవలలో దాని పగుళ్ళను, దానిపై బిగించిన పట్టీల తుప్పును కూడా చూడాలి.

చుక్కలు పెరిగితే నట్లను సరిచేయాలి. ఇంజను ఆపి, రెండు నట్లను సమానంగా, ఒక్కొక్కసారి ఒక చుట్టులో ఆరవ వంతుకు మించకుండా తిప్పాలి. ఒకే నట్టును బిగిస్తే బిళ్ళ ఒరిగి షాఫ్టును రాస్తుంది. తరువాత కొన్ని నిమిషాలు ఇంజను నడిపి ఫలితం చూడాలి. తాడు ఒత్తిడికి సర్దుకోవడానికి కొంత వ్యవధి అవసరం. తొందరపడి మళ్ళీ మళ్ళీ బిగించడంవల్లనే అనేక షాఫ్టులు పాడవుతాయి. తిరిగే షాఫ్టు దగ్గర లుంగీ కొంగు, భుజంపై తువ్వాలు, వదులు చొక్కా ఎంతో ప్రమాదకరం. క్షణంలో అవి చుట్టుకొని మనిషిని లాగివేస్తాయి.

నీటిపై తాడు మార్చడం

నట్లు చివరివరకు బిగిసినా నీరు ఆగకపోతే తాడును మార్చక తప్పదు. ఒడ్డున ఇది సులభమైన పని. నీటిపై చేయవలసి వస్తే ఒక క్రమాన్ని పాటించాలి.

మొదట తగిన స్థలాన్ని ఎంచుకోవాలి. అలలు, ప్రవాహం లేని రేవులో పడవను గట్టిగా కట్టాలి. ప్రవాహం ఉన్నచోట ఇంజను ఆపినా ప్రొపెల్లరు దానంతట అదే తిరగవచ్చు. కనుక షాఫ్టు కదలకుండా తాడుతో బంధించాలి. ఇంజను తాళం తీసి, పని చేసేవాని వద్దనే ఉంచాలి. పంపు పనిచేస్తున్నదని పరీక్షించాలి. అది చెడితే తోడటానికి బకెట్లతో ఇద్దరు మనుషులు సిద్ధంగా ఉండాలి.

రెండవది, కొత్త వలయాలను ముందుగానే కోసి పెట్టుకోవాలి. షాఫ్టు మందంతో సమానమైన కొయ్యపై తాడును చుట్టి కోస్తే ప్రతి వలయమూ కొలతకు సరిగ్గా సరిపోతుంది. కొనలు ఒకదానికొకటి తాకాలి. ఒకదానిపై ఒకటి ఎక్కకూడదు. గ్రాఫైటు గల తాడును సముద్రపు నీటిలో స్టెయిన్‌లెస్ ఉక్కు షాఫ్టుకు వాడరాదు. గ్రాఫైటుకు, లోహానికి నడుమ ఉప్పునీటిలో విద్యుత్ రసాయన చర్య జరిగి షాఫ్టు తినివేయబడుతుంది.

మూడవది, వెలుపలి నుండి నీటి వేగాన్ని తగ్గించాలి. ఈత బాగా తెలిసినవాడు నీటిలో దిగి, షాఫ్టు పడవ నుండి వెలువడేచోట గ్రీజు పూసిన గుడ్డను గట్టిగా చుట్టి కడతాడు. ఇది నీటిని పూర్తిగా ఆపదు గాని ధారను బలహీనపరుస్తుంది.

నాలుగవది, లోపల నట్లను నెమ్మదిగా వదులు చేసి, వచ్చే నీటిని గమనించాలి. నిర్ణయం తీసుకోవలసిన ఘట్టం ఇదే. వచ్చే నీటిని పంపు తేలికగా తోడగలుగుతుంటే పని కొనసాగించవచ్చు. తోడలేకపోతే వెంటనే నట్లు బిగించి, పడవను ఒడ్డుకు ఎక్కించే ఏర్పాటు చూడాలి. పాత వలయాలు ఇంకా లోపల ఉన్నందువల్ల ఈ దశ వరకు వెనుదిరిగే అవకాశం ఉంటుంది. అవి బయటికి వచ్చిన తరువాత ముందుకు పోవడమే గాని వెనుకకు పోవడం ఉండదు.

ఐదవది, మెలి తిరిగిన మొన గల కొక్కెంతో పాత వలయాలను ఒక్కొక్కటిగా లాగి, లెక్కపెట్టి పక్కన ఉంచాలి. ఒక్కటి లోపల మిగిలినా కొత్తవి సరిగా కూర్చోవు. తరువాత గ్రీజు పూసిన కొత్త వలయాలను వరుసగా దూర్చాలి. ఒక వలయపు అతుకు మరొక వలయపు అతుకుకు ఎదురుగా రాకుండా పక్కకు జరపాలి. అతుకులన్నీ ఒకే వరుసలో ఉంటే నీటికి తిన్నని బాట వేసినట్లే. చివరకు నట్లను చేతితో పట్టినంత మేరకే బిగించాలి.

ఆరవది, వెలుపల కట్టిన గుడ్డను మరవకుండా తీయాలి. అది ఉండగా ఇంజను నడిపితే గ్లాండుకు, బేరింగుకు చల్లని నీరు అందదు. గుడ్డ తీసినవాడు పడవపైకి చేరిన తరువాతనే తాళాన్ని యథాస్థానంలో ఉంచాలి. కొత్త తాడు మొదటి కొన్ని గంటలలో సర్దుకుంటుంది. కాబట్టి తొలి ప్రయాణంలో చుక్కలను తరచుగా చూస్తూ, నట్లను కొద్దికొద్దిగా సరిచేయాలి.

అన్ని లోపాలనూ నీటిపై సరిచేయడం సాధ్యం కాదు. షాఫ్టుకు లోతైన గాడి పడినా, బేరింగు అరిగి షాఫ్టు ఊగుతున్నా, గొట్టం చుట్టూ కలప కుళ్ళినా కొత్త తాడు కొద్దిరోజులకే పాడవుతుంది. అప్పుడు పడవను ఒడ్డుకు ఎక్కించడమే వివేకం.

కొత్త రకాలు, పెద్ద ఓడలు

నేడు చుక్క నీరు కూడా రానివ్వని సీళ్ళు వాడుకలో ఉన్నాయి. ఒక రకంలో కార్బను వలయం, ఉక్కు వలయం ముఖాముఖిగా ఒరుసుకుంటూ నీటిని ఆపుతాయి. వాటిని ఒత్తి ఉంచడానికి ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది. పడవను తిరిగి నీటిలో దించినప్పుడు ఆ గొట్టాన్ని నొక్కి లోపల చిక్కుకున్న గాలిని వెళ్ళగొట్టాలి. లేకుంటే వలయాలు పొడిగా రాసుకొని చెడిపోతాయి. ఈ రకం మెరుగైనదే. కాని రబ్బరు చినిగితే నీరు ఒక్కసారిగా లోపలికి వస్తుంది. పాత తాడు చెడేముందు చుక్కల రూపంలో హెచ్చరిస్తుంది. కొత్త సీలుకు ఆ గుణం తక్కువ. అందువల్ల దానిని కంటితో తరచుగా పరీక్షించాలి.

పెద్ద ఓడలలో షాఫ్టు గొట్టాన్ని నూనెతో నింపి, రెండు చివరలా రబ్బరు పెదవుల వంటి సీళ్ళను అమరుస్తారు. నూనె తొట్టిని ఎత్తున ఉంచి, నూనె ఒత్తిడి సముద్రపు ఒత్తిడికంటే కొంచెం ఎక్కువ ఉండేటట్లు చూస్తారు. తొట్టిలో మట్టం తగ్గితే నూనె సముద్రంలోకి పోతున్నదని, నూనెలో నీరు కనిపిస్తే సముద్రం లోపలికి వస్తున్నదని గ్రహిస్తారు. తెగిపోయిన వలల దారాలు షాఫ్టుకు చుట్టుకొని ఈ సీళ్ళను కోయడం సాధారణంగా జరిగే ప్రమాదం. ఓడను డాకులోకి చేర్చే వీలులేనప్పుడు బరువును అణియం వైపు మార్చి అమరాన్ని పైకి లేపి సీలు మారుస్తారు. లేదా గజ ఈతగాళ్ళు షాఫ్టు చుట్టూ నీరు లేని గదిని అమర్చి, దానిలో పనిచేస్తారు. కోసిన రబ్బరు వలయాన్ని షాఫ్టు చుట్టూ చుట్టి, వేడితో అతికిస్తారు. కారిన నూనె సముద్ర జీవులకు హాని చేస్తుంది. అందుచేత 2013 డిసెంబరు నుండి అమెరికా తన జలాలలో తిరిగే పెద్ద ఓడలు ఇటువంటి చోట్ల, సాంకేతికంగా వీలైనంతవరకు, పర్యావరణానికి హాని తక్కువగా చేసే నూనెలనే వాడాలని నియమం తెచ్చింది.

దెబ్బతిన్న షాఫ్టును తిప్పడం ఎంత ప్రమాదమో చరిత్ర చెబుతున్నది. 1941 డిసెంబరు 10న మలయా తీరానికి దూరంగా జపాను విమానాలు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే బ్రిటిష్ యుద్ధనౌకపై దాడిచేశాయి. ఒక టార్పెడో నౌక ఎడమవైపు షాఫ్టు వద్ద పేలింది. వంగిన షాఫ్టు తిరుగుతూ తన దారిలోని సీళ్ళను చీల్చివేసింది. ఆ మార్గం వెంట నీరు నౌక లోపలికి దూసుకువచ్చింది. విద్యుత్తు చాలా భాగం ఆగిపోయింది. తరువాత మరికొన్ని టార్పెడోలు తగిలి నౌక మునిగింది. 327 మంది మరణించారు. షాఫ్టు అదిరినా, అసాధారణమైన శబ్దం వచ్చినా వెంటనే ఇంజను ఆపాలన్న సూత్రం యుద్ధనౌకకు ఎంత వర్తిస్తుందో చేపల పడవకూ అంతే వర్తిస్తుంది.

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటిన తరువాత బోడి మల్లయ్య’ అని తెలుగు సామెత. పడవ క్షేమంగా తీరం చేరినన్నాళ్ళు గ్లాండు ఎవరికీ గుర్తుకు రాదు. అది ఇంజను వెనుక చీకటిలో, నూనె మరకల నడుమ, వంగితే గాని కనిపించని చోట ఉంటుంది. దానికి కావలసినది రోజుకు కొన్ని నిమిషాల చూపు, చేతితో ఒక స్పర్శ, ఏడాదికి కొద్ది మూరల తాడు. ఆ కొద్దిపాటి శ్రద్ధ చూపినవారి పడవలో నీరు చుక్కగానే ఉండిపోతుంది. చూపనివారి పడవలో అదే చుక్క ధారగా మారుతుంది. పడవపై ఉన్న మనుషుల ప్రాణాలు, వారి రాకకై ఇంటివద్ద ఎదురుచూసే కుటుంబాల బతుకులు ఈ తేడాపైననే ఆధారపడి ఉన్నాయి.